గల్లాపెట్టె ఎవరిది? – కిరాణం దుకాణాలు, మాల్‌లు, మనం

(తిమ్మాజిపేటలో వాడల అక్కచెల్లెండ్లు, యువకులు, చిన్న దుకాణాలు నడుపుకునేటోళ్లు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇయ్యాల మేము మాట్లాడదలుచుకున్నది గుడి గురించి కాదు, బావి గురించి కాదు, రేపటి ఎన్నికల గురించి కూడ కాదు. ఉప్పు గురించి, చింతపండు గురించి, పావుకిలో పప్పు గురించి మాట్లాడుతాము. ఉద్యమపోళ్లు మీటింగు పెట్టి ఈ పప్పు ఉప్పుల ముచ్చటేందని ఎవరికన్న అనిపించవచ్చు. పొద్దంత చేన్ల పత్తి ఏరి, పట్నంల సిమెంటు మోసి తెచ్చిన పైసలు పొద్దుమీకేటాలకు ఎక్కడికి పోతున్నయో ఒక్కసారి సోంచాయించండి. వైన్స్ సంగతి మన సభల్లో చాలాసార్లు చెప్పుకున్నదే. అయితే తాగేటోని ఇంటి నుంచి, తాగనోని ఇంటి నుంచి, ముసలమ్మ పింఛను నుంచి, పిల్లల చేతిల రూపాయి నుంచి కూడ దినాం పైస పోయే జాగ ఇంకొకటున్నది. అది కిరాణం దుకాణం. మన కూలి ఎంత అన్నదాని మీద కొట్లాడుతున్నం. ఆ కూలి చేతికి వచ్చినంక ఎవరి గల్లాపెట్టెల పడుతున్నదో కూడ లెక్క తియ్యాలె.

ఈ లెక్క ఇప్పుడే ఎందుకంటే, కిరాణం వ్యాపారం మన కండ్ల ముందటనే మారిపోతున్నది. ఒక దిక్కు వ్యాపారుల సంఘాలు "కిరాణం దుకాణం చచ్చిపోతున్నది, ఊరంతా కలిసి కాపాడాలె" అంటున్నయి. ఇంకొక దిక్కు పెద్ద కంపెనీలు "మా మాల్‌కు రండి, మా దగ్గర కులం లేదు, మతం లేదు, డిస్కౌంటు ఉన్నది" అంటున్నయి. ఇద్దరూ మనల్ని పిలుస్తున్నరు. కొనేటోళ్లుగనే పిలుస్తున్నరు. గల్లాపెట్టె కాడ కూసోమని ఇద్దరిల ఎవరూ పిలుస్తలేరు. ఈ మాటనే ఇయ్యాల విప్పి చెప్పాలని మా ప్రయత్నం.

ఊరి దుకాణం, వాడ బాకీ

కిరాణం దుకాణాన్ని కాపాడుకోవాలంటున్నరు గద, ఆ దుకాణం మనకేమైతదో ముందు చూద్దాం.

పాలమూరు పల్లెల్లో ఊరి దుకాణం ఎప్పుడూ ఒట్టి సరుకులమ్మే జాగ కాదు. ఆముదాలు, పల్లీలు, జొన్నలు కొనేది ఆ షావుకారే. విత్తనానికి అప్పిచ్చేది ఆయనే. నూనె, ఉప్పు ఉద్దెర ఇచ్చేది ఆయనే. కరువు నెలల్లో నాగుకు గింజలు తెస్తే కల్లం కాడ ఒకటికి ఒకటిన్నర కొలిచియ్యాలె. కొలిచే సోల ఆయనది, రాసే చిట్టా ఆయనది, చదువు ఆయనది. మన తాతలకు మిగిలింది ఏలిముద్ర.

ఇది రైతులందరికి ఉన్న బాధనే అని కొందరంటరు. నిజమే, బీసీ రైతు కూడ ఆ చిట్టాల మునిగిండు. కానీ వాడ నుంచి పోయిన మనిషికి బాకీ తోని పాటు ఇంకొకటి ఉన్నది. దుకాణం అరుగు ఎక్కరాదు. దూరం నిలబడి అడగాలె. పైసలు కింద పెట్టాలె. పొట్లం పైనుంచి కొంగుల ఎయ్యాలె. తక్కెడ సక్కగ ఉన్నదా లేదా అని దగ్గరికొచ్చి చూసేటందుకు కూడ వీలు లేదు. అంటరానితనం అంటే గుడి ముందట ఆపుడు ఒక్కటే అనుకుంటరు. తూకం చూడనియ్యకపోవుడు కూడ అంటరానితనమే. పావుశేరుకు తక్కువొచ్చిన పప్పుకు కులం ధర ఉన్నది.

అందుకనే బాబాసాహెబ్ రాజ్యాంగంలో దుకాణం అన్న మాట పేరు పెట్టి రాసి ఉన్నది. 15వ ఆర్టికల్ రెండో భాగం తీసి చూడండి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అన్న కారణాలతోని ఏ పౌరుణ్ణి దుకాణాలకు, హోటళ్లకు, బావులకు, చెరువులకు, రోడ్లకు దూరం పెట్టరాదని అందుల ఉన్నది. బావి కన్న ముందు దుకాణం మాటనే వస్తది. 1955లో వచ్చిన అంటరానితనం నేరాల చట్టం, 1976 తర్వాత పౌరహక్కుల రక్షణ చట్టం అయింది. అంటరానితనం పేరు మీద దుకాణంలకు రానియ్యకపోయినా, సరుకు అమ్మనన్నా శిక్ష ఉన్నదని ఆ చట్టం చెపుతది.

ఎందుకింత పట్టుబట్టి రాసుకోవలసి వచ్చింది? దుకాణం బందు పెట్టుడు అనేది కొట్టుడు కన్న పెద్ద దెబ్బ గనుక. 1930–31 కాలంల రౌండ్ టేబుల్ సమావేశాలకు అంబేద్కర్ ఇచ్చిన రక్షణల పత్రంల సాంఘిక బహిష్కారాన్ని నేరంగ శిక్షించాలని అడిగిండు. బర్మాల 1922లో చేసిన బహిష్కార వ్యతిరేక చట్టాన్ని నమూనాగా చూపించిండు. ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం 1989లో వచ్చినా, అందుల "సాంఘిక లేదా ఆర్థిక బహిష్కారం" అన్న నేరం పేరుతో సహా చేరింది 2015 సవరణతోనే. అమలుకు వచ్చింది 2016 జనవరి 26న. బాబాసాహెబ్ అడిగినకాడ నుంచి లెక్కేసుకుంటే ఎనుబై ఏండ్లు దాటింది.

ఈ నడుమ ఏం జరిగిందో మనకు తెలువనిది కాదు. 1991 ఆగస్టు 6న చుండూరుల మన మనుషుల్ని నరికి కాలువల పడేసే ముందట నడిచింది సాంఘిక బహిష్కారమే. 2017ల పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రుల అంబేద్కర్ విగ్రహం కాడ మొదలైన తగువు దళితుల బహిష్కారం దాక పోయింది. ఊరు వాడ మీద పగబట్టిన నాడు మొదలు పనికి పిలుచుడు బందైతది, ఎంటనే దుకాణం షట్టర్ దిగుతది. "ఊరి దుకాణం మనందరిది" అనేటోళ్లు ఈ సంగతి కూడ యాది పెట్టుకోవాలె.

మేము ఏ ఒక్క కులం దుకాణదారు మీదనో కోపంతోని మాట్లాడుతలేము. ఇప్పుడు ఊర్లల్లో చిన్న కిరాణాలు బీసీలు నడుపుతున్నరు, ముస్లింలు నడుపుతున్నరు, మొగడు చచ్చిపోయిన ఆడోళ్లు ఇంటి ముందటి అర్రల నడుపుతున్నరు. వాళ్ల కష్టం కష్టమే. మేమనేది మనిషి గురించి కాదు, ఆ గద్దె గురించి. ఆ గద్దెకు జాగ, అప్పు, నమ్మకం కులం దారినుంచే వచ్చినయి.

పుడా చేసిన పని

మరి మార్పు ఏం రాలేదా? వచ్చింది. దుకాణదారు మనసు మారి వచ్చిందాని కన్న సరుకు రూపం మారి వచ్చింది ఎక్కువ.

మొదటి దెబ్బ గింజల మీద పడ్డది. 1983ల ఎన్టీ రామారావు సర్కారు రెండు రూపాయలకు కిలో బియ్యం పెట్టినంక, షావుకారు దగ్గర నాగుకు పోయే అవసరం తగ్గింది. రేషన్ దుకాణం మీద మనకు వంద ఫిర్యాదులున్నయి, ఉండాలె కూడ. అయినా కడుపు పట్టుకొని ఒకరి అరుగు ముందట నిలబడే గతి నుంచి మనల్ని కొంత తప్పించింది ఆ బియ్యమే. 2013ల ఉమ్మడి రాష్ట్ర సర్కారు "అమ్మహస్తం" అని 185 రూపాయలకు తొమ్మిది సరుకులు ఇచ్చింది. పప్పు, నూనె, చింతపండు, కారం, పసుపు అన్నీ ఒక సంచిల. అది నిలువలేదు. 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణల రేషన్ కార్డుకు సన్నబియ్యం వస్తున్నయి, మనిషికి ఆరు కిలోలు. బియ్యం మట్టుకు సర్కారు దగ్గర, మిగతా అంతా దుకాణం దగ్గర, ఇదీ ఇయ్యాల మన ఇంటి లెక్క.

రెండోది వలస. బొంబాయి పోయి, హైదరాబాదు పోయి పాలమూరు లేబర్ అని పేరు తెచ్చుకున్నోళ్లు చేతిల నగదుతోని ఊరికొచ్చిండ్రు. నగదు ఉన్నోన్ని "దూరం నిలబడు" అంటే వాడు పక్క దుకాణంకు పోతడు.

మూడోది పుడా. దీని సంగతి కొంచెం నిలబడి చూడాలె. డబ్బా నుంచి కొలిచే నూనె, గోనెసంచి నుంచి తీసే చక్కెర, జాడీల నుంచి తీసే బెల్లం, ఇవన్నీ చెయ్యి తాకే సరుకులు. అమ్మేటోని చెయ్యి ఎవరిదన్న ప్రశ్న అక్కడ ఉంటది. కంపెనీ మూతి అంటించిన బిస్కెట్ పుడా, సబ్బు, శాంపూ ప్యాకెట్, చాపత్తా పొట్లం, ఇవి ఎవరి చెయ్యి తాకినా "మైల" పడని సరుకులైనయి. ఇన్ని వందల ఏండ్లు శాస్త్రాలు చూపని దారి ప్లాస్టిక్ కవరు చూపింది! మన వాడోళ్లు దుకాణం పెట్టి ఊరోళ్లకు అమ్మగలిగే వీలు కొంతన్న వచ్చిందంటే ఈ పుడా వల్లనే. అదే మన అక్క ఒకామె రోడ్డు మీద ఇడ్లీ బండి పెడితే ఏమైతది? బర్రె పాలు ఇల్లిల్లు తిరిగి అమ్మితే ఏమైతది? బిస్కెట్ పుడా కొన్న చెయ్యే ఇడ్లీ కాడ ఎనుకకు పోతది. బడిల మధ్యాహ్న భోజనం దళిత మనిషి వండితే పిల్లల్ని తిననియ్యని తల్లిదండ్రుల సంగతి పేపర్ల మళ్ల మళ్ల వస్తనే ఉన్నది. అంటే కులం పోలేదు, పుడా లోపటికి పోలేకపోయింది, అంతే.

ఆ పుడాకు కూడ సర్కారు ఒక ఎలుగు పెట్టింది. 2017 జూలై 1 నుంచి జీఎస్టీ వచ్చింది. 2022 జూలై 18 నుంచి మూతి అంటించి లేబుల్ కొట్టిన బియ్యం, పిండి, పప్పు 25 కిలోల లోపు ప్యాకెట్ అయితే 5 శాతం పన్ను అన్నరు, 25 దాటితే లేదన్నరు. అందుకే 26 కిలోల బియ్యం సంచులు బజారుకొచ్చినయి. సంచి కొనే తాహతు ఉన్నోనికి పన్ను లేదు. ఐదు కిలోల పుడా కొనే కూలి మనిషికి పన్ను ఉన్నది. 2025 సెప్టెంబర్ 22 నుంచి సబ్బు, శాంపూ, పేస్టు, బిస్కెట్ల మీద పన్ను 18 నుంచి 5కు తగ్గించిండ్రు. మంచిదే. ఆ తగ్గిన పైసలు ఐదు రూపాయల పుడా కొనేటోని దాక దిగుతున్నయా లేదా అన్నది చూసుకోవలసింది మనమే.

మాల్ రాజ్యం ఎట్ల వచ్చింది

ఇక రెండో దిక్కు పోదాం. మాల్ ఆకాశం నుంచి పడలేదు. హైదరాబాదుల త్రినేత్ర అనే సూపర్ మార్కెట్ 1986లనే మొదలైంది. తర్వాత దాన్ని బిర్లా కంపెనీ కొని మోర్ అని పేరు పెట్టింది. రిలయన్స్ ఫ్రెష్ దుకాణాలు దేశంలనే మొదటిసారి తెరిచింది కూడ మన హైదరాబాదులనే, 2006 నవంబర్‌ల. 2012 సెప్టెంబర్‌ల కేంద్రం పలు బ్రాండ్ల చిల్లర వ్యాపారంల 51 శాతం విదేశీ పెట్టుబడికి తలుపు తీసింది. ఒప్పుకున్న రాష్ట్రాల జాబితాల అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడ ఉన్నది. ముందటి తలుపు నుంచి విదేశీ మాల్‌లు అనుకున్నంత రాలేదు. ఎనుక తలుపు నుంచి వచ్చినయి. 2018ల అమెరికా వాల్‌మార్ట్ ఫ్లిప్‌కార్ట్‌ను కొన్నది. హోల్‌సేల్ నడిపే జర్మనీ మెట్రో కంపెనీ దుకాణాలను 2023ల రిలయన్స్ కొన్నది. అంటే చిన్న దుకాణం మీద పోటీకొచ్చేటోడు, చిన్న దుకాణంకు సరుకు అమ్మేటోడు ఒక్కడే అయిండు. ఆఖరికి ఫోన్ల నొక్కితే పది నిమిషాల సరుకు అన్న మాట తోని బ్లింకిట్, జెప్టో, ఇన్‌స్టామార్ట్ పట్నాలల్ల దిగినయి. ఏడాదిల రెండు లక్షల కిరాణం దుకాణాలు మూతబడ్డయని 2024ల పంపిణీదార్ల అఖిల భారత సమాఖ్య చెప్పింది.

చిన్న దుకాణం ఎందుకు ఓడుతదో లెక్క చూడండి. లెక్క కోసమే అనుకుందాం, ఒక సబ్బు ఎమ్మార్పీ 40 రూపాయలు. జడ్చర్ల ఏజెన్సీ బండి రోడ్డు మీది దుకాణంకు అది 36కు ఏస్తది, పది పదిహేను దినాలు పైసలు ఆగుతది. మన వాడల ఉన్న చిన్న దుకాణంకు ఆ బండి రాదు. ఆయన బస్సెక్కి పోయి హోల్‌సేల్ దుకాణంల నగదు పెట్టి 38కి తెస్తడు. చార్జీలు పోను ఆయనకు మిగిలేది రూపాయి. పెద్ద మాల్ కంపెనీ దగ్గర లారీల లెక్కన కొంటది, 36కే గిరాకికి అమ్ముతది, ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అంటది. డీమార్ట్ బలం ఎక్కడున్నదో వ్యాపారపోళ్లు చెపుతనే ఉన్నరు. చాలా దుకాణాల జాగ, కట్టడం దాని సొంతం, కిరాయి లేదు. సరుకు ఇచ్చిన కంపెనీకి తొందరగ నగదు కడుతది, ధర తగ్గించుకుంటది. జాగ, నగదు. ఈ రెండే. మన దగ్గర తరతరాలుగా లేకుండ చేసినవి ఏవి? ఈ రెండే.

మాల్‌ల కులం లేదా?

ఇక్కడ మన ఉద్యమంలనే ఒక వాదన ఉన్నది. దాన్ని పక్కకు నెట్టేది లేదు. చంద్రభాన్ ప్రసాద్ అసొంటి దళిత మేధావులు చిల్లర వ్యాపారంల విదేశీ పెట్టుబడిని స్వాగతించిండ్రు. కులం కట్టుబాట్లను మార్కెట్టే తెంపుతదని వాళ్ల వాదం. దుకాణాలు మనవి కానప్పుడు అవి మునిగితే మనకేం నష్టమని అడిగేటోళ్లు మన వాడలల్ల కూడ ఉన్నరు.

ఆ మాటల బలం ఉన్నది. పట్నంల సూపర్ మార్కెట్‌కు పోయిన మన అక్కను గేటు కాడ ఎవరూ కులం అడగరు. ఆమె తన చేత్తో పప్పు తీసి బుట్టల ఏసుకుంటది, తూకం మిషన్ మీద కండ్లతోని చూసుకుంటది, లెక్క కాయిదం చేతికొస్తది. కొంగుల పొట్లం ఏయించుకున్న అవ్వ మనుమరాలికి ఇది చిన్న సంగతి కాదు. ఇది తక్కువని ఎవరన్న అంటే, ఆయనకు ఆ అరుగు కింద నిలబడ్డ అనుభవం లేదన్నట్టు.

అయితే కొనేకాడ కులం లేకపోతే, మిగతా జాగలల్ల ఏమున్నది? సంచులు దించేది ఎవరు? ఊడిచేది, బాత్రూములు కడిగేది ఎవరు? గేటు కాడ పన్నెండు గంటలు నిలబడే సెక్యూరిటీ ఎవరు? బండి మీద సంచి మోసుకొని ఎండలల్ల ఉరికే పిలగాడు ఏ ఊరోడు? అతనికి జీతం లేదు, ఆర్డర్‌కు ఇంత అని లెక్క. మెట్లమీదికి పోయే కొద్ది మన మొఖాలు తక్కువైతయి. సరుకు ఇచ్చే ఏజెన్సీల, మిల్లుల, గోదాముల, కంపెనీ బోర్డుల మనోళ్లు ఏరీ? పాత దుకాణం మనల్ని అరుగు కింద నిలబెట్టింది. కొత్త మాల్ లోపటికి రానిచ్చి మూట ఎత్తుకోమన్నది.

ఇంకొకటి. మాల్ ఉద్దెర ఇయ్యదు. "ఇయ్యాల నగదు, రేపు ఉద్దెర" అని బోర్డు పెట్టుకున్న ఊరి దుకాణమే, ఆ బోర్డు కిందనే ఉద్దెర రాస్తది. పిలగానికి జరమొచ్చి మూడు దినాలు కూలికి పోకపోతే పొయ్యి వెలిగేది ఆ రాత మీదనే. ఉద్దెర మెడకు తాడే, కానీ మునిగేటప్పుడు పట్టుకునే తాడు కూడ అదే. మాల్ వచ్చి ఆ దుకాణం మూతబడితే, ఉద్దెర జాగల ఫోన్ల దొరికే అప్పులు, వారం వారం వసూలుకొచ్చే ఫైనాన్సులు కూసుంటయి. పేదోని బాకీ పోదు, బాకీదారు మారుతడు.

ఈ సంగతిల మన రాజకీయం కూడ ఒక్క దారిన నడువలేదు. 2007 ఆగస్టుల ఉత్తరప్రదేశ్‌ల మాయావతి సర్కారు రిలయన్స్ ఫ్రెష్ దుకాణాలను మూయించింది. 2012 డిసెంబర్ 7న రాజ్యసభల విదేశీ పెట్టుబడి మీద ఓటు పడ్డప్పుడు అదే బీఎస్పీ కేంద్ర సర్కారు దిక్కు నిలబడ్డది. ఆ ఓటుకు వేరే లెక్కలు ఉండొచ్చు. మేము తప్పు పట్టేటందుకు చెపుతలేము. దుకాణం అనే సంగతి మీద బహుజనుల దగ్గర ఒక సొంత విధానం తయారు కావాలని చెపుతున్నం. షావుకారును కాపాడుడా, మాల్‌ను రానిచ్చుడా అన్న ప్రశ్న వాళ్లు తయారు చేసింది. మన ప్రశ్న వేరే ఉన్నది. గల్లాపెట్టె కాడ మనం ఎప్పుడు కూసుంటం?

మన దుకాణం ఎందుకు నిలుస్తలేదు

2005 ఆర్థిక గణన లెక్కలు తీసి పరిశోధకులు చెప్పింది వినండి. దేశ జనాభాల ఎస్సీలు 16 శాతం దాటి ఉంటే, ఎస్సీల చేతిల ఉన్న వ్యాపారాలు, పరిశ్రమలు వందకు 9.8 మాత్రమే. అవి కూడ ఎక్కువ భాగం ఒంటి మనిషి నడిపే చిన్నవి.

మనకు యాపారం చేతకాదని ఊరు అంటది. చేతకాకనే తోలు శుద్ధి చేసి, చెప్పులు కుట్టి, మోట బొక్కెనలు కుట్టి ఎవుసాన్ని నడిపించినమా? మాలలు ముతకబట్ట నేసి ఊరందరి ఒంటికి కప్పలేదా? చెయ్యి పని ఉన్నంత కాలం అది "నీచమైన పని". ఫ్యాక్టరీల తయారై అద్దాల షోరూముల కూసున్ననాడు అది గౌరవమైన వ్యాపారం. చెప్పు మన చేతిల ఉన్నప్పుడు మైల, షోరూముల ఉన్నప్పుడు బ్రాండ్. ఇప్పుడు తైదలు, కొర్రలు, జొన్నల సంగతి చూడండి. మన అవ్వలు తిన్నప్పుడు అది పేదతిండి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నంక అదే గింజ మాల్‌ల అందమైన పుడాల కూసున్నది, బియ్యం కన్న పిరం అయింది. పండించిన చెయ్యి మనది, లేబుల్ ఎవరిదో.

మన దుకాణం నిలువకపోవటానికి కారణాలు మేము మాట్లాడిన దుకాణదారుల మాటల్లనే చెపుతాము. ఒకటి, జాగ. రోడ్డు మీద, బస్టాండు కాడ షట్టర్ మనకు కిరాయికి ఇయ్యరు, ఇస్తే డిపాజిట్ ఎక్కువ అడుగుతరు. వాడ లోపట పెడితే వాడోళ్లే గిరాకి. రెండు, ఏజెన్సీ. సరుకు ఉద్దెర ఇచ్చుడు నమ్మకం మీద నడుస్తది, నమ్మకం చుట్టరికం మీద నడుస్తది, చుట్టరికం కులం మీద నడుస్తది. మూడు, మనోళ్ల ఉద్దెర. తన కడుపే నిండని మనిషి తన చుట్టాలకు ఉద్దెర కాదనలేడు, ఆరు నెలలకు దుకాణంల ఖాళీ డబ్బాలు మిగులుతయి. నాలుగు, కార్పొరేషన్ లోన్. ఏండ్లకేండ్లుగా సబ్సిడీ లోన్ల జాబితాల కిరాణం దుకాణం అని ఉంటనే ఉన్నది. పైస ఇచ్చుడుతోని సర్కారు పని అయిపోతది. జాగ, సరుకు, గిరాకి సంగతి ఎవరికీ పట్టది.

2021ల దళితబంధు వచ్చింది. కుటుంబానికి పది లక్షలు, తిరిగి కట్టేది లేదు. అంత పైస దళితుని చేతిల పెట్టిన పథకం అంతకు ముందు లేదు, ఆ మాట ఒప్పుకోవాలె. హుజూరాబాద్ తర్వాత తీసుకున్న నాలుగు మండలాలల్ల మన నాగర్‌కర్నూల్ జిల్లా చారగొండ కూడ ఉన్నది. అదే ఏడాది వైన్స్ లైసెన్సులల్ల ఎస్సీలకు 10 శాతం రిజర్వేషన్ ఇచ్చిండ్రు. 2023 డిసెంబర్‌ల సర్కారు మారింది, దళితబంధు ముందటికి పోలేదు. పన్నెండు లక్షలన్న కొత్త మాట ఎన్నికల ముందట ఇచ్చిండ్రు. సర్కార్లు మారుతుంటయి, పథకాల పేర్లు మారుతుంటయి. మేమనేది ఒకటే. ఒక్కొక్క ఇంటికి విడివిడిగా పైస ఇస్తే, ఆ పైస పట్టుకొని మనోడు ఒంటిగా పోయి నిలబడేది అదే పాత బజారుల. బజారు కట్టుబాటును ఒక్క మనిషి తెంపలేడు.

మరి ఏం చెయ్యాలె

లోకంల ఈ ప్రశ్న అడిగింది మనం ఒక్కరమే కాదు. అమెరికాల నల్లజాతి వాళ్లు 1930 ప్రాంతంల షికాగోల, హార్లెంల తెల్ల దుకాణాల ముందట నిలబడి, మాకు పని ఇయ్యని దుకాణంల మేము కొనము అన్నరు. కొనే శక్తిని కొట్లాట చేసిండ్రు. కొనుడు బందు పెడితే షట్టర్ లోపటి మనిషి కూడ మాట్లాడటానికి బయటికొస్తడని చూపించిండ్రు. ఊరు మనల్ని బహిష్కరించుడే మనకు తెలుసు. మన రూపాయికి కూడ ఆ బలం ఉన్నదని మనం తెలుసుకోవాలె.

అంత దూరం కూడ పోవద్దు. జహీరాబాద్ దిక్కు పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలల్ల ఉన్నది ఎక్కువ దళిత ఆడోళ్లే. 1990ల నడుమ వాళ్లు బీడుపడ్డ భూములను సాగుకు తెచ్చి, జొన్నలు ఊర్లనే నిలువచేసి, పేదలకు తక్కువ ధరకు అమ్మిండ్రు. ఎవరు పేదోళ్లో వాళ్లే తేల్చిండ్రు. గోదాము వాళ్లదే, కొలిచే చెయ్యి వాళ్లదే, లెక్క వాళ్లదే. చదువు రాని ఆడోళ్లు చేసి చూపిన పని, ఫోన్లు చేతిల ఉన్న మన పిలగాండ్లకు చేతకాదా?

అందుకే ఈ సభ ముందట మేము కొన్ని మాటలు పెడుతున్నం. పెద్దలు సరిదిద్దండి.

మొదటిది, మండలంల వాడ దుకాణాలు నడిపేటోళ్లందరు ఒక్క కాడ కూసోవాలె. పది పదిహేను దుకాణాలు కలిసి వారానికొకసారి ఒక్క ఆటోల బాదేపల్లి నుంచి సరుకు తెస్తే, ఒక్కరికి దొరకని ధర పదిమందికి దొరుకుతది. మహిళా సంఘాల పొదుపు పైసలు దీనికి మొదటి పెట్టుబడి కావాలె.

రెండోది, ఉద్దెరకు ఒక కట్టుబాటు కావాలె. సంఘమే ఉద్దెర నిధి పెట్టి, ఆపదల ఉన్న ఇంటికి ఇంత అని తేల్చాలె. దుకాణం నడిపే ఆడమనిషి ఒక్కతే అందరి ఆకలి మోస్తే దుకాణం నిలువది.

మూడోది, సర్కారును పథకం ఒక్కటే అడిగితే చాలదు. పంచాయతీ, మున్సిపాలిటీ, మార్కెట్ కమిటీ, ఆర్టీసీ బస్టాండు షట్టర్లల్ల మన వాటా ఎంత, ఎవరి పేరు మీద ఉన్నది, ఎవరు నడుపుతున్నరు అని సమాచార హక్కు చట్టం కింద అడగాలె. మన పేరు మీద లైసెన్సు, ఊరోని చేతిల గల్లాపెట్టె అన్న బినామీ నాటకం బందు కావాలె. హాస్టళ్లకు, గురుకులాలకు, అంగన్‌వాడీలకు పోయే పప్పు, నూనె, కోడిగుడ్లు ఎవరు సప్లై చేస్తున్నరు? మన పిల్లలు తినే అన్నం కాంట్రాక్టుల మన సంఘాలు ఎందుకు లేవు? కేంద్రం కొనే మొత్తంల 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల దగ్గర కొనాలని 2012ల విధానం చేసిండ్రు. ఆ మాట మండలం దాక దిగాలె.

నాలుగోది, మాల్‌ల, గోదాముల, డెలివరీల పని చేసే మన పిలగాండ్లు ఒంటరిగ ఉండొద్దు. యూనియన్‌ల చేరాలె. మాల్ గేటు లోపట కులం లేదంటున్నరు గద, మంచిది, క్యాష్ కౌంటర్ మీద, మేనేజర్ కుర్చీ మీద కూడ లేదని చూపించమని అడుగుదాం.

ఐదోది, ఎక్కడన్న వాడ మీద దుకాణం బందు పెడితే అది ఊరి తగువు కాదు, నేరం. పంచాయితీల కూసొని రాజీ చేసుకునేది కాదు. అట్రాసిటీ చట్టం కింద కేసు కట్టించేదాక స్టేషన్ ముందట కూసోవాలె.

అక్కలారా, అన్నలారా, ఇవన్నీ ఒక్క దినంల అయ్యేవి కావు. ఒక దుకాణం పెడితే కులం పోదు. నలుగురు దళితులు షావుకార్లు అయినంత మాత్రాన కూలోని బతుకు మారదు, ఆ భ్రమ మాకు లేదు. మన షావుకారు కూడ తూకంల తక్కువ కొడితే ఆయన ముందట కూడ నిలబడి అడుగుదాం. కానీ తూకం చూసే హక్కు, ధర తేల్చే హక్కు, ఎవరికి ఉద్దెర ఇయ్యాల్నో చెప్పే హక్కు మన దగ్గర లేనన్ని దినాలు కూలి పెంచుకున్నా అది పొద్దుమీకేటాలకు మన చేతిల ఉండదు.

రేపు పొద్దుగాల ఉప్పు కొనటానికి పోయినప్పుడు ఒక్క లెక్క రాసుకోండి. మీ ఇంటి నుంచి నెలకు ఎంత పోతున్నది, ఎవరికి పోతున్నది. వచ్చే మీటింగుకు ఆ కాయిదం పట్టుకొని రండి. వాడ మొత్తం లెక్క కూడిన నాడు, మనం పేదోళ్లమే గాని మన గిరాకి పేదది కాదని మనకే తెలుస్తది.

జై భీమ్.